వికారాబాద్ హవా ఎవరికి దవా?



మా నానీ ఒక మాట తరచూ అంటుండేది: "వికారాబాద్ కీ హవా, లాఖోఁ మరీజోఁ కీ దవా." అనంతగిరి కొండ మీద టీబీ దవాఖానా ఉండేది కదా, ఆ రోజుల మాట అది. శహర్ నుంచి దగ్గుతో నీరసించిన మనుషులు రైలు దిగి, కొండెక్కి, ఆ చెట్ల గాలి పీల్చి తబియత్ బాగుచేసుకుని వెళ్ళేవాళ్ళు. గాలికి ఎవరూ కిరాయి అడగలేదు. ఇప్పుడు అదే గాలిని గుంటల లెక్కన అమ్ముతున్నారు. కొనేవాళ్ళలో మనమూ ఉన్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

పోయిన నెల జెద్దా నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "భాభీజాన్, మీ మైకా దగ్గరే ఫార్మ్ ప్లాట్ల వెంచర్ పడిందట. పది గుంటలు ముప్పై అయిదు లక్షలు. మామిడి మొక్కలు వాళ్ళే పెడతారు, కంచె వాళ్ళే వేస్తారు. మీకు ఆ ఇలాఖా తెలుసు కదా, ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. సరే అని ఆదివారం పొద్దున మావారూ నేనూ టోలీచౌకీ నుంచి బయలుదేరాం. మొయినాబాద్, చేవెళ్ళ, మన్నెగూడ, వికారాబాద్. బీజాపూర్ రోడ్డు మీద పాత మర్రిచెట్ల నీడ ఎంత హాయిగా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. ఆ నీడ అయిపోగానే హోర్డింగులు మొదలవుతాయి. వీకెండ్ హోమ్, గేటెడ్ ఫార్మ్, కొండ కనపడే ఇల్లు.

ఏజెంటు మమ్మల్ని ముందుగా తయారైన ఒక ఫామ్‌హౌస్ చూపిస్తానని తీసుకెళ్ళాడు. మలుపు తిరగ్గానే నా గుండె ఆగినంత పనైంది. పక్కనున్న వేపచెట్టు నాకు తెలుసు. ఆ బావి గడ్డ నాకు తెలుసు. అది మా అబ్బా జమీన్.

గేటు తీసిన పిల్లవాడు నన్ను చూసి సంకోచంగా నవ్వి, "సలామ్ ఫుప్పూ" అన్నాడు. మా రెండెకరాలు పదిహేనేళ్ళ పాటు కౌలుకు చేసిన మనిషి మనవడు. వాళ్ళ దాదా జొన్న, కంది వేసిన చేనుకి ఇప్పుడు వీడు కాపలా.

ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. ఆ జమీన్ అమ్మింది మేమే. అబ్బా ఇంతెఖాల్ అయిన మరుసటి ఏడాది, 2009లో, ఎకరం నాలుగు లక్షల లెక్కన ఇచ్చేశాం. ఎనిమిది లక్షల్లో అమ్మీకి ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో అన్నలిద్దరికీ రెండేసి పాళ్ళు, నాకు ఒక పాలు. నా హిస్సా లక్షా నలభై వేలు. టోలీచౌకీలో మేమున్న ఫ్లాట్ బయానాలో ఆ పైసలున్నాయి. నాకు శహర్‌లో మకాన్ వచ్చింది. కౌలు చేసుకునే ఖాందాన్‌కి చేను పోయింది. ఆ రోజు వాళ్ళతో ఒక మాట అడగాలని కూడా మాకు తోచలేదు. అమ్మిన మాకు తోచలేదు, కొన్న మనిషికి అసలే తోచలేదు.

ఏజెంటు స్విమ్మింగ్ పూల్ చూపిస్తుంటే నేను పిల్లవాడితో మాట్లాడుతూ నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ రెండో ఏట ఆపేశాడు. నెలకు పదివేలు, ఉండటానికి గేటు పక్కన ఒక గది. సెలవంటూ లేదు. మాలిక్ ఎన్నాళ్ళకోసారి వస్తారని అడిగాను. "నెలకోసారి ఫుప్పూ. ఒక్కోసారి రెండు నెలలు కూడా రారు. వచ్చినా శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం పోతరు" అన్నాడు. అంటే ఏడాదిలో ఇరవై రోజులో ఇరవై అయిదు రోజులో. మిగతా రోజులన్నీ మూడు బెడ్‌రూముల ఇంటికి తాళం. తాళం కాసేవాడికి ఇల్లు లేదు.

"షాదీ ఎప్పుడురా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక. వాడు తల వంచుకున్నాడు. రిష్తా కుదిరి ఏడాదైంది. పిల్ల తరఫువాళ్ళు జోడే కీ రకమ్ గురించి కాదు, ఒకే సవాల్ అడుగుతున్నారు: ఘర్ కహాఁ హై? ఊళ్ళో పాత రేకుల ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలున్నాయి. మాలిక్ దయతలచి, పెళ్ళయ్యాక ఇద్దరూ గేటు గదిలో ఉండొచ్చన్నాడట. ఆమె ఇల్లు ఊడ్చి, వంట చూసుకోవాలి, దానికి వేరే జీతం లేదు. నౌకరీ పోతే గదీ పోతుంది. ఆ మాట పిల్ల తండ్రికి ఎలా చెప్పాలో వీడికి తెలియడం లేదు.

ఊళ్ళో ఇంటి జాగా ఎంతుందని అడిగాను. గజం అయిదు వేలు. నూరు గజాలంటే అయిదు లక్షలు. వాడు తిండి మానేసి జీతమంతా దాచినా నాలుగేళ్ళ రెండు నెలలు. అప్పటికి గజం అయిదు వేలే ఉంటుందా? పోనీ కిరాయికి ఉందామంటే, రిసార్టుల్లో పనిచేసే బయటివాళ్ళకు, కాంట్రాక్టర్ల మనుషులకు ఇళ్ళు ఇచ్చి ఊళ్ళోవాళ్ళు కిరాయిలు మూడింతలు చేశారు. వాళ్ళనేం అంటాం, దొరికినప్పుడు తీసుకుంటారు.

సర్కారు ఏం చేస్తోందని మీరడుగుతారు. ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద ఇల్లు కట్టుకోవడానికి అయిదు లక్షలు ఇస్తున్నారు. మంచి పనే. కానీ మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్ళకే అన్నారు. ఈ పిల్లవాడి విషయంలో లెక్క చూడండి: ఇల్లు కట్టడానికి సర్కారు ఇచ్చేది అయిదు లక్షలు, ఆ ఇల్లు నిలబడాల్సిన జాగా ఖరీదు అయిదు లక్షలు. రెండోది లేనివాడికి మొదటిది కాగితమే. శహర్ పైసలు ఊళ్ళోకి వచ్చి జాగా ధర పెంచిన ప్రతిసారీ, సర్కారు పథకం ఇంకో ఇంటికి దూరమవుతోంది. ఇది నేను ఆ ఆదివారం దాకా ఆలోచించని సంగతి.

"ఫామ్‌హౌస్‌లు వస్తే ఊరికి రోజ్‌గార్ వస్తుంది కదా" అని మనవాళ్ళు అంటారు. నేనూ అన్నదాన్నే. అందుకని మా రెండెకరాల మీదే లెక్కేసి చూశాను. కౌలు రోజుల్లో ఒక ఖాందాన్‌లో అయిదుగురు ఆ చేను మీద బతికేవాళ్ళు. కలుపులకు, కంది కోతలకు, ఏటా ఎనిమిదీ పదిమంది ఆడవాళ్ళకు కూలి దొరికేది. దంటు పశువులకు మేత. గట్టు మీద కూరగాయలు ఇంటికి. ఇప్పుడు అదే నేల మీద ఒక్క కాపలా నౌకరీ. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు శహర్ నుంచి వచ్చారు, కూలీలు బీహార్, ఒడిశా నుంచి వచ్చారు. వాళ్ళూ మజ్బూరీతో వచ్చిన మజ్దూర్లే, వాళ్ళ మీద నాకే శికాయత్ లేదు. కానీ ఊరికి మిగిలిందేమిటి? మాలిక్ వచ్చేటప్పుడు ఉల్లిగడ్డల దగ్గర్నుంచి మాంసం దాకా కారు డిక్కీలో తెచ్చుకుంటాడు. ఊరి కిరాణా కొట్టుకు ఒక సిగరెట్ ప్యాకెట్ బేరం కూడా రాదు.

ఇక మిగిలిన పిల్లలు? తెల్లవారకముందే వికారాబాద్ స్టేషన్‌లో నిలబడి లింగంపల్లి వైపు పోయే రైలెక్కుతారు. అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ, హాస్పిటళ్ళలో హౌస్‌కీపింగ్, డెలివరీ బళ్ళు. రాత్రికి తిరిగొస్తారు. కొందరు పుణె, ముంబై పోయి రానేరారు. శహర్ వాళ్ళు సుకూన్ కోసం ఊరికొస్తున్నారు, ఊరి పిల్లలు రోటీ కోసం శహర్ పోతున్నారు. ఇద్దరి దారీ ఒకటే రోడ్డు. ఒకరికి అది సైర్, ఇంకొకరికి జిందగీ.

దీని అసర్ ఎక్కడెక్కడ పడుతుందో చూడండి. ఆ రోజు జొహర్‌కి ఊరి మస్జిద్‌లో ఒక సఫ్ కూడా నిండలేదని మావారు చెప్పారు. ఇమామ్ సాబ్ తన్ఖా చందాల మీద నడుస్తుంది, చందా ఇచ్చే ఇళ్ళు తగ్గుతున్నాయి. మొహర్రంలో పీర్లను ఎత్తుకోవడానికి ఒకప్పుడు మనవాళ్ళూ, ముదిరాజ్‌లూ, మాదిగలూ నేను ముందంటే నేను ముందని పోటీపడేవాళ్ళు. ఇప్పుడు లింగంపల్లిలో డ్యూటీ ఉన్న పిల్లల్ని బతిమిలాడి పిలిపించాల్సి వస్తోందట. ఊరంటే ఇళ్ళు కాదు, ఇళ్ళలో దీపాలు. తాళం వేసిన ఇళ్ళు ఎన్ని పెరిగినా ఊరు పెరిగినట్టు కాదు.

ఇదంతా కొత్త సంగతి కూడా కాదు. మొయినాబాద్ వైపు మన కళ్ళముందే జరిగింది. 1908లో మూసీ తుఫానుకి శహర్ కొట్టుకుపోయాక గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ చెరువుల్ని కాపాడటానికని 1996లో జీవో 111 తెచ్చి 84 ఊళ్ళలో కట్టడాలకు హద్దులు పెట్టారు. మక్సద్ మంచిదే. కానీ అక్కడ పెద్దవాళ్ళ ఫామ్‌హౌస్‌ల గోడలు లేస్తూనే ఉన్నాయి. చిన్న రైతు మాత్రం నా జమీన్‌కి ధర లేదు, నేను మేడ కట్టుకోలేను అని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాడు. 2022లో జీవో 69తో ఆ హద్దులు ఎత్తేస్తామన్నారు, ధరలు ఇంకా పైకి లేచాయి. హద్దు ఉన్నప్పుడు పేదవాడికి హద్దు, హద్దు పోయినప్పుడు అమ్ముకోవడం తప్ప దారి లేదు. రెండుసార్లూ నష్టం ఒకవైపే.

రైతుబంధు కథ కూడా ఇదే. 2018లో మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కి నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. కౌలుదారుకి ఒక్క రూపాయి లేదు, సాగు చేయని మాలిక్ ఖాతాలో మాత్రం పడేవి. 2025లో రైతు భరోసా అని పేరు మార్చి, వెంచర్లుగా మారిన భూములకు ఇవ్వమన్నారు. దుండిన నేలకే ఇవ్వాలన్నది ఇన్సాఫ్ మాటే. కానీ దున్నేవాడి పేరు కాగితాల మీద లేకపోతే ఇన్సాఫ్ ఎవరి చేతికి అందుతుంది? కౌలుదార్లకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లోనే చట్టం ఉంది. అది అమలైన ఊళ్ళు వెతుక్కోవాలి.

లోకంలో మిగతావాళ్ళు ఈ మస్లాని ఎలా చూస్తున్నారు? హిమాచల్ ప్రదేశ్‌లో 1972 చట్టం 118వ సెక్షన్ ప్రకారం రైతు కానివాడు సర్కారు ఇజాజత్ లేకుండా భూమి కొనలేడు. స్విట్జర్లాండ్‌లో 2012లో జనం ఓటేసి, ఏ ఊళ్ళోనైనా సెలవుల ఇళ్ళు ఇరవై శాతం దాటితే కొత్తవి కట్టొద్దన్నారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో సముద్రపు ఒడ్డు ఊళ్ళ పిల్లలకు ఇళ్ళు దొరకని పరిస్థితి వచ్చి, 2023 నుంచి రెండో ఇంటి మీద మూడు వందల శాతం దాకా అదనపు పన్ను వేసే ఇఖ్తియార్ స్థానిక కౌన్సిళ్ళకు ఇచ్చారు. వాళ్ళేమీ అమీర్లను ఊరినుంచి తరమలేదు. ఉండే ఇల్లు ముందు, చుట్టపుచూపు ఇల్లు తర్వాత అన్నారు, అంతే. మన దగ్గర ఆ మాట అనేవాళ్ళే లేరు.

కాబట్టి నా రాయ్ ఇది. ఒకటి, ఊరి పక్కన వెంచర్‌కి ఇజాజత్ ఇచ్చే ముందు, జాగా లేని ఊరివాళ్ళకు ఇంటి స్థలాలు చూపించాలి. ఇందిరమ్మ ఇంటితో పాటు జాగా కూడా ఇస్తేనే ఆ పథకానికి అర్థం. రెండు, ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం ఉండే ఇంటి మీద గ్రామపంచాయతీకి అదనపు ఇంటిపన్ను రావాలి, ఆ పైసలు ఊళ్ళోనే ఖర్చు కావాలి. మూడు, కౌలుదారుడి పేరు రికార్డుల్లోకి ఎక్కాలి, చేను చేతులు మారినప్పుడు అతనికి కనీసం ఒక ఖబర్ అయినా అందాలి. ఇవి గ్రామసభల్లో అడగాల్సినవి. ఓట్లకు వచ్చినప్పుడు నాయకుల్ని అడగాల్సినవి.

మరి మనం? మన ఖాందాన్లలో గల్ఫ్ కమాయీ ఉన్నవాళ్ళున్నారు, ఐటీ జీతాలున్నవాళ్ళున్నారు. బంగారం తర్వాత మనకు నమ్మకం జమీన్ మీదే. కొనడం గునాహ్ అని నేననడం లేదు. కొనే ముందు ఏజెంటుని కాక, ఊళ్ళో ఒక మనిషిని అడగండి: నిన్నటిదాకా ఈ చేను ఎవరు చేశారు? వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు? కొన్నాక దాన్ని పడావు పెట్టకుండా వాళ్ళకే కాగితం రాసి కౌలుకు ఇవ్వగలరా? కాపలా మనిషిని పెట్టుకుంటే వారానికో సెలవు, అతని భార్య చేసే పనికి వేరే జీతం ఇవ్వగలరా? ఈ సవాళ్ళకు జవాబు లేకపోతే, ఏడాదికి ఇరవై రోజుల సుకూన్ కోసం మనం ఇంకొకరి మూడొందల అరవై అయిదు రోజుల్ని కొంటున్నట్టు.

ఇదంతా మా మరిదికి వాయిస్ మెసేజ్ పెట్టాను. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు వచ్చింది. "భాభీ, మీరు చెప్పింది సహీ. కానీ నేనిక్కడ పద్దెనిమిదేళ్ళుగా ఆరుగురితో ఒక గదిలో ఉంటున్నా. వెనక్కి వస్తే నాదంటూ నాలుగు చెట్ల మధ్య ఓ చోటు ఉండాలన్న ఆశ తప్పా?" నాకు కళ్ళు చెమర్చాయి. తప్పు కాదు. ఆ పిల్లవాడూ గేటు గదిలో అదే ఆశతో ఉన్నాడు. ఇద్దరూ ఇల్లు లేనివాళ్ళే. ఒకడికి పైసలున్నాయి, ఒకడికి లేవు, ఇద్దరి మధ్యా ధర పెంచుతూ ఏజెంటు నిలబడ్డాడు. నేనదే చెప్పాను: వచ్చి ఉండేట్టయితే ఊళ్ళోనే ఒక ఇల్లు చూసుకో, మస్జిద్ పక్కన, నలుగురి మధ్య. కంచె లోపల పది గుంటలు వద్దు. ఆలోచిస్తానన్నాడు. ప్లాట్ బయానా మాత్రం ఇవ్వలేదు.

ఇంకో సంగతి. నా హిస్సాగా వచ్చిన లక్షా నలభై వేలు పక్కన పెట్టాను. అన్నలిద్దరూ కొంత కలుపుతామన్నారు, మరిది కూడా. ఆ పిల్లవాడికి ఇంటి జాగా కొనుక్కోవడానికి ఖర్జె హసనా, సూద్ లేదు, గడువు లేదు. ఇది ఖైరాత్ కాదు, వాడి ముందు చేయి పైన పెట్టడమూ కాదు. వాళ్ళ దాదాని అడక్కుండా అమ్మినదానికి నేను కట్టుకోవాల్సిన బాకీలో ఒక ముక్క.

ఫోన్‌లో ఈ మాట చెబితే వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "షుక్రియా ఫుప్పూ. కానీ జాగా ఏడుంది? ఊళ్ళో ఉన్నవన్నీ శహర్ బ్రోకర్లు బయానా కట్టి పెట్టుకున్నరు. అమ్మేటోడే లేడు."

మేం వెతుకుతూనే ఉన్నాం. మీలో ఎవరికైనా ఆ వైపు ఊళ్ళో, పెద్దల నాటి గ్రామకంఠం జాగా పడావు పడి ఉంటే, ధర పెరుగుతుందని తాళం వేసి ఉంచకండి. ఆ ఊళ్ళోనే బతకాలనుకునే ఒక పిల్లవాడికి ఇవ్వండి. వికారాబాద్ హవా వాడికీ దవా కావాలి.

ఖుదా హాఫిజ్.